పాత గుడ్‌లక్ బిళ్ళలు: ముందు అడ్రసు చదవండి

మా పాత్రల కొట్టు గల్లాపెట్టెలో ఒక ఇత్తడి బిళ్ళ ఉండేది. నేను 1981లో నెల్లూరు నుంచి కోడలిగా మద్రాసు జార్జిటౌనుకు వచ్చేసరికే అది అక్కడ ఉంది. మామయ్య రోజూ పొద్దున కొట్టు తెరవగానే చిల్లర పక్కకు నెట్టి దాన్ని పైకి తీసేవారు. కుంకుమ బొట్టు పెట్టి, కళ్లకద్దుకుని, మళ్లీ అదే మూలలో పెట్టేవారు. మధ్యలో స్వస్తిక ఉంది కాబట్టి అది మన పూజ సామానే అని ఇంట్లో అందరూ అనుకునేవారు. చుట్టూ ఉన్న ఇంగ్లీషు అక్షరాలను ఎవరూ పట్టించుకోలేదు.

ఒక మధ్యాహ్నం కొట్లో బేరాల్లేని వేళ బొట్టు తుడిచి చదివాను. "గుడ్ లక్ విల్ అకంపనీ ది బేరర్ ఆఫ్ దిస్ టోకెన్" అని ఉంది. దగ్గర పెట్టుకున్నవాడికి అదృష్టం తోడుంటుందని. స్వస్తిక సందుల్లో చిన్న చిన్న బొమ్మలున్నాయి. ఒక సందులో గుర్రపు నాడా, ఇంకోదాంట్లో నాలుగు ఆకుల మొక్క, మూడోదాంట్లో పంగలా చీలిన ఎముక. నాలుగోది అరిగిపోయింది. ఆ ఎముక కోడిది. విష్‌బోన్ అంటారు. అమెరికాలో ఇద్దరు చెరో కొస పట్టుకుని లాగుతారు, పెద్ద ముక్క ఎవరి చేతికొస్తే వాళ్ల కోరిక తీరుతుందట. ఏకాదశినాడు ఉల్లిపాయ కూడా గడప దాటని ఇంట్లో ఇన్నేళ్లుగా కోడి ఎముకకు బొట్టు పెడుతున్నామన్నమాట. ఈ సంగతి అత్తయ్యకు నేను చెప్పలేదు. ఆవిడ పోయి పన్నెండేళ్లయింది కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను.

అది మద్రాసుకు ఎలా వచ్చిందని మామయ్యను అడిగితే, హార్బరులో దిగిన ఓడవాడెవరో చెంబు కొని చిల్లర తక్కువై ఇది ఇచ్చాడని చెప్పేవారు. నిజమో కోతో తెలీదు. నాకు మాత్రం పిచ్చి పట్టింది. ఇవాళ నా దగ్గర ఇలాంటివి రెండొందల పైచిలుకు ఉన్నాయి. వీటిని గుర్తుపట్టడం, ఏరుకోవడం ఎలాగో చాలామంది ఫోన్ చేసి అడుగుతుంటారు. అందరికీ ఒకసారే చెబుదామని ఇది రాస్తున్నాను.

అసలు ఇవి ఏమిటి

గుడ్‌లక్ బిళ్ళ అంటే డబ్బు కాదు, దేవుడి డాలరూ కాదు. అది ఒక షాపు ప్రకటన. కాగితం మీద వేస్తే జనం పారేస్తారు. లోహం మీద వేసి 'ఇది మీ జేబులో ఉంటే అదృష్టం' అని రాస్తే ఎవరికీ పారేయాలనిపించదు. అమెరికాలో 20వ శతాబ్దం మొదటి మూడు దశాబ్దాల్లో ఇవి బాగా నడిచాయి. చెప్పుల కంపెనీలు, బట్టల షాపులు, బ్యాంకులు అన్నీ పంచాయి.

శివకాశి క్యాలెండర్ గుర్తు తెచ్చుకోండి. లక్ష్మీదేవి బొమ్మ ప్రెస్సువాడి దగ్గర ముందే ఉంటుంది. కిరాణా కొట్టువాడు వెళ్లినా, సైకిల్ షాపువాడు వెళ్లినా అదే లక్ష్మి. అడుగున పేరు, అడ్రసు మాత్రం మారుతుంది. బిళ్ళలూ సరిగ్గా అంతే. తయారుచేసేవాడి దగ్గర స్వస్తికో నాడానో ఉన్న అచ్చు ఒకటి సిద్ధంగా ఉండేది. దాన్ని ఒక వైపు కొట్టి, రెండో వైపు ఆర్డరిచ్చిన షాపు పేరు కొట్టేవాడు. అందుకే ఒకే స్వస్తిక వైపు ఉన్న బిళ్ళలు వేర్వేరు ఊళ్ల షాపుల పేర్లతో దొరుకుతాయి. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు అదృష్టం వైపు చూసి మురిసిపోతారు. అది ఎవరి దగ్గరైనా ఉండేదే. బిళ్ళను వెనక్కి తిప్పి అడ్రసు చదివితే ఎవరిచ్చారు, ఏ ఊరు, ఏ కాలం అన్నది అక్కడ తెలుస్తుంది. ధర కూడా చాలావరకు ఆ వైపే తేలుస్తుంది.

స్వస్తిక గురించి ఒక మాట. మనకు అది పద్దుల పుస్తకం మొదటి పేజీ. అమెరికావాళ్లకూ ఒకప్పుడు ఉట్టి అదృష్టపు గుర్తే. కోకాకోలా కంపెనీ 1925లో స్వస్తిక ఆకారంలోనే వాచీ గొలుసుకు తగిలించుకునే ఇత్తడి బిళ్ళ వేయించింది. దాని నకళ్లు ఇప్పుడు కుప్పలుగా ఉన్నాయి, కనపడగానే ఎగబడకండి. జర్మనీలో నాజీలు 1920లో ఆ గుర్తును పార్టీకి తీసుకున్నారు, 1935లో అదే దేశం జెండా అయింది. దాంతో అమెరికాలో దాన్ని పక్కన పెట్టేశారు. కాబట్టి స్వస్తికతో ఉన్న అమెరికా ప్రకటన బిళ్ళ అసలైనదైతే, మామూలుగా 1930ల మధ్యకు ముందుదే.

ఆ రోజుల్లో ఇంకో రకం కూడా నడిచింది. దాని మీద "మెంబర్‌షిప్ ఎంబ్లమ్ ఆఫ్ ది డోంట్ వర్రీ క్లబ్" అని ఉంటుంది. అంటే టెన్షన్ పడనివాళ్ల సంఘంలో సభ్యత్వం. చందా లేదు, మీటింగు లేదు, బిళ్ళ జేబులో ఉంటే సభ్యులే. నా దగ్గరున్న వాటిలో నాకు బాగా నచ్చినది అదే.

రింగులో సెంటు

అల్యూమినియం రింగులో, ఒక్కోసారి నాడా ఆకారపు చట్రంలో, నిజమైన అమెరికా సెంటు బిగించినవి ఉంటాయి. రింగు మీద ఒక వైపు "కీప్ మీ అండ్ నెవర్ గో బ్రోక్" అని ఉంటుంది. నన్ను దగ్గరుంచుకో, చేతిలో పైసా లేని రోజు రాదు అని. నిజమే మరి, ఎంత చితికిపోయినా ఆ ఒక్క సెంటు ఉంటుంది కదా. చిల్లిగవ్వ లేదనే మాటకు అమెరికావాడి విరుగుడు ఇది. ఇవి 1901లో బఫెలో నగరంలో జరిగిన పాన్ అమెరికన్ ఎక్స్‌పొజిషన్ అనే ప్రదర్శనతో మొదలయ్యాయి.

సెంటు మీద సంవత్సరం ఉంటుంది కాబట్టి వీటి కాలం చెప్పడం తేలిక అనిపిస్తుంది. అక్కడే జాగ్రత్త. ఆ సంవత్సరానికి ముందు బిళ్ళ తయారై ఉండదు, అంతవరకే నమ్మండి. తర్వాత ఎప్పుడైనా కావచ్చు. ఈకల తలపాగా ఉన్న ఇండియన్ హెడ్ సెంటు అయితే 1909 దాకా వచ్చింది, ఆ ఏడాది నుంచే లింకన్ బొమ్మ సెంటు మొదలు.

మోసం ఎలా చేస్తారంటే, మామూలు సెంటు ఊడదీసి అరుదైన సంవత్సరం సెంటు దూరుస్తారు. అసలైనదాంట్లో సెంటును రింగు కంతలో పెట్టి రెంటినీ కలిపి ఒకే దెబ్బతో అచ్చు గుద్దుతారు. ఆ దెబ్బకు రింగు లోహం లోపలికి పాకి సెంటును కరిచి పట్టుకుంటుంది. బొటనవేలితో సెంటును మెల్లగా నొక్కి తిప్పి చూడండి. కదిలినా, అంచు దగ్గర గీతలు కనబడినా ఎవరో వేలు పెట్టారని అర్థం.

మన ఊరి బిళ్ళలు

మనవాటిలో ఎక్కువగా దొరికేవి నగల షాపులు, వెండి షాపులు దీపావళికో, షాపు ప్రారంభానికో పంచినవి. ఒక వైపు లక్ష్మి లేదా వినాయకుడు, రెండో వైపు "విత్ బెస్ట్ కాంప్లిమెంట్స్" అని షాపు పేరు. షావుకారుపేట మార్వాడీ షాపులవైతే శుభ్-లాభ్ అని నాగరి అక్షరాలుంటాయి. ఇక్కడా సూత్రం అదే, లక్ష్మి అందరిదీ, అడ్రసు ఒక్కరిది.

అడ్రసు చూసి కాలం పట్టుకోవడం నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ఇష్టమైన పని. కొట్లో పాతిక ముప్పై ఏళ్లు బిల్లులు రాసిన చెయ్యి కదా. ఊరి పేరు 'మద్రాసు' అని ఉంటే 1996కు ముందుది అనుకోవచ్చు, ఆ ఏడాదే చెన్నై అయింది. 'మద్రాసు-1' అని ఒక్క అంకె ఉంటే ఇంకా పాతది. ఆరంకెల పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. 600 001 అని ఉంటే తప్పకుండా ఆ తర్వాతదే. ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డు బదులు 'చైనా బజార్ రోడ్డు' అని ఉంటే గుండె కాస్త వేగంగా కొట్టుకోవచ్చు, అది ఆ రోడ్డు పాత పేరు. అలాగే ఇప్పటి అన్నా శాలైకి పాత పేరు మౌంట్ రోడ్డు. ఫోన్ నంబరులో ఎన్ని అంకెలున్నాయో లెక్కపెట్టండి. ఎనిమిది ఉంటే నిన్నగాక మొన్నటిది, నాలుగే ఉంటే మా మామయ్య కుర్రతనం నాటిది.

బరువు రాసి ఉంటే ఇంకా మంచిది. 'తులం' అని ఉందా, 'గ్రాములు' అని ఉందా? మెట్రిక్ తూకాల చట్టం 1956లో వచ్చి, 1958 నుంచి విడతలుగా అమలైంది. తులం అంటే 11.66 గ్రాములు, పాత వెండి రూపాయి బరువూ అదే. అయితే మన నగల షాపులవాళ్లు తులాన్ని నోటితో ఇంకా వదల్లేదు కాబట్టి, ఈ ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకండి. ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుదని, నయా పైసల్లో ఉంటే ఆ తర్వాతి కొద్ది ఏళ్లదని అనుకోవచ్చు.

ఇక నేను బోర్లా పడ్డ రెండు గోతులు. మొదటిది 'స్థాపితం 1898' అని ఉన్న బిళ్ళ. నూట పాతికేళ్ల నాటిదని ఇంటిల్లిపాదికీ చూపించుకున్నాను. అది షాపు పెట్టిన సంవత్సరం. బిళ్ళ కింద అంచున పిన్‌కోడ్ ఉంది, అప్పుడు చూడలేదు. రెండోది ఒక మార్వాడీ షాపు వెండి బిళ్ళ, దాని మీద నాగరి అంకెల్లో 2012 అని ఉంది. కొత్తదే కదా అని పాత వెండి ధరకు ఇచ్చేయబోయాను. మా ఎదురు కొట్టు పెద్దాయన చూసి, "అమ్మా, అది సంవత్ లెక్క, యాభై ఏడు తీసెయ్" అన్నారు. విక్రమ సంవత్సరం 2012 అంటే దీపావళి లెక్కన మన 1955. అప్పటినుంచి ఉత్తరాది బిళ్ళ మీద అంకె కనిపిస్తే ముందు తీసివేత చేస్తాను.

చేతిలోకి తీసుకున్నాక

పదిరెట్లు పెద్దగా చూపే భూతద్దం, రెండు దశాంశాల దాకా చూపే చిన్న కాటా, వెర్నియర్ కాలిపర్స్. ఈ మూడూ కొనుక్కోండి, ఎంతో కాదు. కాటా సరిగ్గా ఉందో లేదో పాత వెండి రూపాయి పెట్టి చూసుకుంటాను. అరుగుదల కాస్త పోయినా 11.6 దగ్గర చూపించాలి.

ముందు అది అచ్చు గుద్దినదా, పోత పోసినదా చూడండి. అచ్చు గుద్దినదాంట్లో అక్షరాల అంచులు పదునుగా, వాటి చుట్టూ ఖాళీ జాగా నున్నగా ఉంటుంది. పోత పోసినదాంట్లో భూతద్దం కింద ఇడ్లీకున్నట్టు సన్నటి గుంటలు కనబడతాయి, అక్షరాలు సబ్బు మీద రాసినట్టు మెత్తగా ఉంటాయి, పక్క అంచున రెండు ముక్కలు కలిసిన గీతో దాన్ని ఆకురాయితో గీకిన జాడో ఉంటుంది. అమెరికా ప్రకటన బిళ్ళలు మామూలుగా అచ్చు గుద్దినవే. కాబట్టి పోత కనిపిస్తే అది నకలు అనుకుని మొదలుపెట్టండి. అంచు దగ్గర చాలా సన్నటి అక్షరాల్లో తయారీదారు పేరుంటే అదృష్టమే. నెవార్క్‌లోని వైట్‌హెడ్ అండ్ హోగ్, షికాగోలోని గ్రీన్ డక్ ఇందులో పేరున్న కంపెనీలు.

కంత ఉంటే అది పుట్టుకతో వచ్చిందా, తర్వాత పొడిచిందా చూడండి. ముందే ఆలోచించి పెట్టిన కంత అక్షరాలను తప్పించుకుని ఉంటుంది. మనవాళ్లు పిల్లల మొలతాడుకు కట్టడానికి మేకుతో పొడిచిన కంత అక్షరం మధ్యలోంచి పోతుంది, వెనక వైపు లోహం పువ్వులా విచ్చుకుని ఉంటుంది. ధర తగ్గుతుంది గానీ నేను అలాంటివి వదలను. ఏ పిల్లాడి మొలకో వేలాడిందంటే ఆ షాపు ప్రకటన పని చేసినట్టే కదా. 1943 నుంచి 1947 దాకా ప్రభుత్వమే మధ్యలో పెద్ద కంతతో వేసిన పైసా మాత్రం వేరు. అది నాణెం, మన చిల్లికాణీ, దాన్ని ఈ లెక్కలో కలపకండి.

లోహం సంగతి. అల్యూమినియం అయితే ఇంచుమించు 1890 తర్వాతిదే. 1886లో దాన్ని చవగ్గా తీసే పద్ధతి కనిపెట్టేదాకా అది వెండిలా అపురూపం. మద్రాసుకు అది పాత్రల రూపంలో వచ్చింది 1898లో, ఆల్ఫ్రెడ్ చాటర్టన్ ఇక్కడి ఆర్ట్స్ స్కూల్లో అల్యూమినియం గిన్నెలు చేయించడం మొదలుపెట్టినప్పుడు. పాత్రల కొట్టు కోడలిని కాబట్టి ఈ ముక్క చెప్పకుండా ఉండలేను.

'వెండి' అని అమ్మేవాటిలో సగం జర్మన్ సిల్వర్. అందులో వెండి రవ్వంత కూడా ఉండదు. రాగి, నికెల్, జింకు కలిసినది. గీటురాయి మీద గీస్తే బిళ్ళ పాడవుతుంది. నేను నీళ్ల పరీక్ష చేస్తాను. బిళ్ళను ముందు పొడిగా తూచి రాసుకోండి. ఒక చిన్న గిన్నెలో నీళ్లు పోసి కాటా మీద పెట్టి సున్నా చేయండి. బిళ్ళకు సన్నటి దారం కట్టి, చేత్తో పట్టుకుని, పూర్తిగా మునిగేట్టు నీళ్లలో వేలాడదీయండి. అడుగు తగలకూడదు, గిన్నె పక్కలు తగలకూడదు, బుడగలు అంటుకుని ఉండకూడదు. కాటా మీద ఒక చిన్న అంకె వస్తుంది. పొడి బరువును ఆ అంకెతో భాగించండి. వెండికి 10.5 దగ్గర, రాగికి 8.9, ఇత్తడికి ఎనిమిదిన్నర, అల్యూమినియానికి 2.7 వస్తుంది.

మొన్న ఒకాయన లక్ష్మి బిళ్ళ తెచ్చి వెండి ధర చెప్పాడు. పొడి బరువు 11.60. నీళ్లలో 1.36. భాగిస్తే 8.53. "అన్నా, ఇది వెండి కాదు" అన్నాను. "అక్కా, మీ నీళ్లు మెట్రో వాటర్ కదా, తేడా వస్తుంది" అన్నాడు. నవ్వాపుకోలేక కాఫీ ఇచ్చి పంపాను. ఒక జాగ్రత్త, జర్మన్ సిల్వరుకూ ఇత్తడికీ ఈ అంకె ఇంచుమించు ఒకటే, అక్కడ రంగును బట్టి తేల్చుకోవాలి.

తోమకండి

ఇది ఎంత చెప్పినా చాలదు. మామయ్య బిళ్ళ కథ ఇక్కడే చెడింది. స్వస్తిక వైపు ఎప్పుడూ పైకి ఉండేది, బొట్టు పెట్టేది దానికే. అడ్రసు వైపు గల్లాపెట్టె చెక్కకూ చిల్లరకూ రాసుకుంటూ ఉండేది. అది చాలదన్నట్టు ప్రతి ఆయుధపూజకు ముందురోజు అత్తయ్య కొట్టులోని ఇత్తడి అంతా పెరట్లో కుప్ప పోసి, చింతపండు, ఉప్పు, ముగ్గు కలిపి తోమేవారు. బిందెలతో పాటు బిళ్ళా. నేను పక్కన కూర్చుని నీళ్లు పోసేదాన్ని, అంటే నా పాపమూ ఉంది. తోమాక బంగారంలా మెరిసేది. ఆ మెరుపు ఎక్కడి నుంచి వచ్చిందంటే, పై పొర లోహం కరిగి నీళ్లలో పోతే వచ్చింది. ప్రతి ఏడూ అడ్రసులో కొంచెం కొంచెం మా తూములోకి పోయింది.

చింతపండు, నిమ్మచెక్క, పీతాంబరి, టూత్‌పేస్ట్, వంటసోడా ఏదీ వద్దు. పాత బిళ్ళ మీద సమంగా పట్టిన గోధుమ రంగు దానికి చర్మం లాంటిది. దుమ్ము, కుంకుమ ఉంటే మామూలు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, మెత్తటి గుడ్డతో అద్దండి, రుద్దకండి. నూనె జిడ్డుకు స్వచ్ఛమైన అసిటోన్‌లో ముంచి తీయవచ్చు, కిటికీ తెరిచి, పొయ్యికి దూరంగా. గోళ్ల రంగు తుడిచే ద్రావకం వాడకండి, అందులో సువాసనలూ నూనెలూ కలుస్తాయి. పొడిపొడిగా రాలే లేతాకుపచ్చ చిలుము కనిపిస్తే ఆ బిళ్ళను మిగతా వాటి నుంచి వెంటనే వేరు చేయండి. తేమ తగిలితే ఆ చిలుము లోహాన్ని తింటూనే పోతుంది.

చెన్నై గాలిలో ఉప్పూ తేమా రెండూ ఉంటాయి. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ జేబుల ఆల్బమ్ ఫ్యాన్సీ షాపులో చవగ్గా దొరుకుతుంది, రెండు వర్షాకాలాలు గడిచేసరికి బిళ్ళల మీద పచ్చటి జిగురు కడుతుంది. పీవీసీ లేని కవర్లు అడిగి తీసుకోండి. డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేయండి. రబ్బరు బ్యాండు మాత్రం వద్దు, అందులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది.

ఎక్కడ దొరుకుతాయి

నా బిళ్ళల్లో మూడొంతులు పాత సామాను గోతాల్లోంచి వచ్చినవే. స్టీలు మోజు వచ్చిన రోజుల్లో జనం ఇత్తడి బిందెలు, గంగాళాలు తెచ్చి తూకానికి వేసి, స్టీలు పట్టుకెళ్లేవారు. ఇంట్లోని చిల్లర లోహమంతా ఆ బిందెల అడుగునే వచ్చేది. తాళం చెవులు, గజ్జెలు, కాఫీ హోటలు టోకెన్లు, వాటితోపాటు ఇవి. తరుగు తీసి తూచాక గోతం కొలిమికి వెళ్లేలోపు నేను ఒకసారి చెయ్యి పెట్టి వెతికేదాన్ని. మామయ్య బిళ్ళ బరువుకు సరిపడా డబ్బు గల్లాలో వేయించి గానీ ఇచ్చేవారు కాదు, కోడలైనా సరే.

మీకు కొట్టు లేకపోయినా పాత ఇత్తడి, వెండి కొనే కొట్టువాళ్లతో పరిచయం పెంచుకోండి. షావుకారుపేటలో మింట్ వీధి చుట్టుపక్కల సందుల్లో అలాంటివి చాలా ఉన్నాయి. ఆ వీధికి ఆ పేరు ఒకప్పటి టంకశాల వల్లే వచ్చింది. మూర్ మార్కెట్ ఉన్న రోజుల్లో ఆదివారం అక్కడికి వెళ్తే చాలేది. 1985లో అది కాలిపోయాక ఆ సరుకు ఊరంతా చెల్లాచెదురైంది. నాణేల ప్రదర్శనలకు వెళ్తే డీలర్ల బల్ల మీద మంచి నాణేలు చూడకండి, బల్ల కింద 'ఏదైనా ఇరవై రూపాయలు' అని రాసిన డబ్బా ఉంటుంది, అక్కడ కూర్చోండి. అసలు నాణెం పదును ఎలా ఉంటుందో కళ్లకు అలవాటు కావాలంటే ఎగ్మూరు మ్యూజియం నాణేల గదిలో ఒక పూట గడపండి.

ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు స్వస్తిక వైపు ఫోటోనే పెడతారు. డబ్బు పంపే ముందు వెనక వైపు, పక్క అంచు ఫోటోలు అడగండి. పంపకుండా నసిగితే అక్కడితో వదిలేయండి. వందేళ్లు దాటిన వస్తువులకు మన దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది, అలాంటివి అనుమతి లేకుండా విదేశాలకు పంపకూడదు. అమెరికాలో ఉన్న మనవడికి గిఫ్టుగా పోస్టులో పెట్టాలనుకునే తాతలు ఇది గుర్తుంచుకోవాలి.

హనుమంతుడి అణా

ఈ మాట రాయకపోతే నాకు వచ్చే ఫోన్లు ఆగవు. ఒక వైపు రాముడి పట్టాభిషేకమో హనుమంతుడో, రెండో వైపు 'ఈస్ట్ ఇండియా కంపెనీ, యూకేఎల్ ఒక అణా, 1818' అని ఉన్న రాగి బిళ్ళ మీ ఇంట్లో ఉందా? ఉండే ఉంటుంది, చాలా ఇళ్లలో ఉంది. అది కంపెనీ నాణెం కాదు. 1818లో ఒక అణా నాణెమే లేదు. మామూలు చలామణీకి ఒక అణా నాణెం వచ్చింది 20వ శతాబ్దం మొదట్లో. కంపెనీ తన ఏలుబడి అంతటికీ ఒకే రకం నాణేలు వేయడం మొదలుపెట్టింది 1835లో. ఈ బిళ్ళల మీద 1616, 1717, 1818 అని సంవత్సరాలు కూడా ఫ్యాన్సీ ఫోన్ నంబర్లలాగే ఉంటాయి. యాత్రాస్థలాల్లో పూజకు అమ్మిన బిళ్ళలు ఇవి. పూజలో పెట్టుకోండి, తప్పేం లేదు.

కానీ దీన్ని బియ్యం గింజలు లాగుతుందని, లక్షలు పలుకుతుందని ఎవరైనా చెబితే తలుపేసుకోండి. నెల్లూరులో మా దూరపు బంధువు ఒకాయన ఈ రైస్ పుల్లింగ్ మాటలు నమ్మి, 'పరీక్ష ఖర్చుల' కింద పొలం తాకట్టు పెట్టిన డబ్బు పోగొట్టుకున్నాడు. ఇనుప పొడి పట్టించిన బియ్యం, అయస్కాంతం దాచిన బిళ్ళ, అంతే మహిమ. రాగి అయస్కాంతానికి అంటదు, బియ్యమూ అంటదు.

పుస్తకంలో రాయడం

బిళ్ళ దొరికిన రోజే రాయండి, రేపటికి మరిచిపోతారు. నేను పాత పద్దుల పుస్తకంలోనే రాస్తాను. ఒక పద్దు ఇలా ఉంటుంది:

నం. 87. ఇత్తడి, అచ్చు గుద్దినది. 31.8 మి.మీ., 10.92 గ్రా. ఒక వైపు డోంట్ వర్రీ క్లబ్, స్వస్తిక. రెండో వైపు బట్టల షాపు పేరు, ఊరు, రాష్ట్రం (అక్షరం పొల్లుపోకుండా). కంత లేదు. అంచున చిన్న సొట్ట. పాత సామాను గోతంలో, మరచెంబులోపల దొరికింది. ఇచ్చినది తూకం ధర.

'మరచెంబులోపల' అన్నది కూడా రాయాల్సిందే. ఏ ఊరివాళ్లు తెచ్చారో, దేంతో కలిసి వచ్చిందో మీరు రాస్తేనే ఉంటుంది, బిళ్ళ చెప్పదు.

మామయ్య బిళ్ళకు ఒకటో నంబరు ఇచ్చాను. అదృష్టం వైపు అక్షరాలన్నీ రాశాను, కోడి ఎముకతో సహా. రెండో వైపు భూతద్దంతో, పక్క నుంచి టార్చి వేసి, ఏటవాలుగా తిప్పి తిప్పి చూస్తే చివర్లో 'అండ్ సన్స్' అన్నది మాత్రం తేలింది. ఎవరి కొడుకులో, ఏ ఊరో తెలీదు. ఆ గడిలో పెన్నుతో రాయకుండా పెన్సిల్‌తో 'అండ్ సన్స్' అని రాసి, ముందు జాగా వదిలాను. ఇలాంటి స్వస్తికే ఉన్న తోమని బిళ్ళ ఇంకోటి, చివర్లో అవే అక్షరాలతో, ఏ గోతంలోనైనా తగిలితే నింపుదామని.